ఋణశేషం



మూడు దశాబ్దాలకు పైగా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. ఎదురైన ప్రతి మాటను పట్టుకుని దాని అర్థచ్ఛాయలను తరచి చూడడం నాకు వృత్తివల్ల అబ్బిన గుణం. ఉద్యోగం వదిలినా ఆ గుణం నన్ను వదలలేదు. ఈ మధ్య నా పూర్వశిష్యుడొకడు ఫోను చేశాడు. అమెరికాలో చమురు వ్యాపారానికి సంబంధించిన లెక్కలు చూసే కొలువు అతనిది. కుశలప్రశ్నలయ్యాక, "మాస్టారూ, 'లెగసీ వెల్స్' అన్నదాన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగాడు. లెగసీ అంటే వారసత్వం, వెల్ అంటే బావి. అంచేత 'వారసత్వపు బావులు' అనవచ్చునన్నాను, పెద్దగా ఆలోచించకుండానే. అతడు నవ్వి, "అవేమిటో తెలుసుకున్నాక మీరే ఆ మాట వెనక్కి తీసుకుంటారు" అన్నాడు.

తెలుసుకున్నాను. నిజంగానే వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకో చెప్పడమే ఈ టపా ఉద్దేశం.

మనకు బావి అనగానే నీరు తలపుకొస్తుంది. నుయ్యి తవ్వించడం, చెరువు తవ్వించడం మన పెద్దల దృష్టిలో పూర్తకర్మలు; సంతానంతో సమానంగా నిలిచిపోయే పుణ్యాలు. బావి అన్న మాటకు మన మనస్సులో అంత పవిత్రత ఉంది గనుకనే, దానికి వారసత్వమన్న మాట తోడయితే తాతగారు తవ్వించిన మంచినీళ్ళ బావి కళ్ళముందు మెదులుతుంది. అలాస్కాలో అమెరికా ప్రభుత్వం విడిచిపెట్టిన ఆ బావుల సంగతి వేరు. అవి చమురు కోసం తవ్వి, చమురు చాలినంత దొరకక, మూత సరిగా వేయకుండా వదిలేసిన గొట్టాలు.

అలాస్కా రాష్ట్రపు ఉత్తరపు కొసన, బ్రూక్స్ పర్వతశ్రేణికి ఆవల, ఆర్కిటిక్ సముద్రం దాకా వాలుగా పరుచుకున్న నేల ఉంది. చెట్టన్నది మొలవని టండ్రా అది. తిమింగలాన్ని, కరిబూ దుప్పిని, చేపను నమ్ముకుని వేల ఏళ్ళుగా అక్కడ బ్రతుకుతున్న జాతి ఇనుపియాట్లు. 1923లో అధ్యక్షుడు వారెన్ హార్డింగ్ ఆ నేలలో సుమారు 2 కోట్ల 30 లక్షల ఎకరాలను నౌకాదళపు చమురు నిల్వక్షేత్రంగా ప్రకటించాడు. మన తెలంగాణ విస్తీర్ణంలో ఐదింట నాలుగు వంతులకు తక్కువ కాదు. యుద్ధనౌకలు బొగ్గు మాని చమురుతో నడవడం మొదలుపెట్టిన కాలమది. భూమిలోనుంచి చమురు తనంతట తానే ఊరే చోట్లు సింప్సన్ అగ్రం దగ్గర ఉన్నాయని అక్కడివారికి ఎప్పటినుంచో తెలుసు. చమురుతో నానిన టండ్రా పెళ్ళలను కోసుకుని వంటచెరకుగా వాడుకున్నవారే వాళ్ళు. ఎవరికీ తెలియని నిధిని నౌకాదళం కనిపెట్టిందనుకోవడం పొరపాటు.

రెండవ ప్రపంచయుద్ధం ముమ్మరంగా సాగుతుండగా, 1944లో నౌకాదళం అక్కడ తవ్వకాలకు దిగింది. 1953 దాకా తవ్వింది. ఉమియాట్ దగ్గర కొంత చమురు, బారో దగ్గర కొంత సహజవాయువు దొరికాయి గాని, ఖర్చుకు తగిన పంట కాదది. 1970లలో చమురు కరవు వచ్చినప్పుడు రెండో విడత మొదలైంది. 1975 నుంచి 1982 దాకా సాగింది. తునాలిక్ అనే చోట ఒక బావి 20,000 అడుగులకు పైగా లోతుకు పోయింది. మధ్యలో, 1976లో చేసిన చట్టం ప్రకారం ఆ క్షేత్రం నౌకాదళం చేతిలోనుంచి అంతరంగిక శాఖకు మారింది. ఇప్పుడు దాని బాధ్యత ఆ శాఖలోని భూయాజమాన్య సంస్థది. రెండు విడతల్లోనూ ప్రభుత్వం వేసిన బావులూ, పరీక్షా రంధ్రాలూ కలిపి 136. 'వారసత్వపు బావులు' అన్నది వీటి పేరే.

తవ్విన వారు వెళ్ళిపోయారు. వాళ్ళు వదిలినవి వెళ్ళలేదు. తుప్పు పట్టిన డ్రమ్ములు, ఇనుపగొట్టాలు, తీగలు, దుంగలు, దిమ్మలు అక్కడే మిగిలిపోయాయి. కంటికి కనిపించేది ఈ చెత్త. కనిపించనిది ఇంకా రెండు రకాలు. వాటిని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ వ్యవహారంలో చిక్కంతా అక్కడే ఉంది.

చమురుబావి తవ్వేటప్పుడు గొట్టం గుండా లోపలికి ఒక చిక్కటి బురదద్రవాన్ని పంపుతారు. తొలిచే మొనను చల్లబరచడం, తొలిచిన రాతిపొడిని పైకి మోసుకురావడం, భూగర్భంలోని ఒత్తిడిని అదిమిపెట్టడం దాని పనులు. బెంటొనైటు మన్ను, బరువు కోసం బెరైటీసు అందులో ముఖ్యమైనవి. బెరైటీసంటే మన మంగంపేట గనుల్లో దొరికే ముగ్గురాయే. వీటికి తోడు అవసరాన్ని బట్టి రకరకాల రసాయనాలు, కొన్నిచోట్ల డీజిలు కూడా కలుపుతారు. పని అయ్యాక ఆ బురదను, రాతిపొడిని బావి పక్కనే తవ్విన పెద్దగుంటలో పోసి వదిలేసేవారు. అక్కడి నేల ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉంటుంది గనుక, గుంటలోని బురద కూడా గడ్డకట్టి ఎల్లకాలం కదలకుండా పడి ఉంటుందని వారి లెక్క. ఇది మొదటిది.

రెండవది బావి కడుపులో ఉంది. వందల మీటర్ల లోతు దాకా గడ్డకట్టిన నేల గుండా పోయే గొట్టంలో నీరు ఉంటే అది గడ్డకట్టి, ఉబ్బి, గొట్టాన్ని నలిపేస్తుంది. అందుకని చాలా బావుల పైభాగాన్ని డీజిలుతో నింపి వదిలారు. అంటే మూత లేని, లేదా అరకొర మూత ఉన్న గొట్టాల్లో డీజిలు నిలవ ఉందన్నమాట. ఇనుము ఎంతకాలం ఇనుముగా ఉంటుంది? తుప్పుకు సెలవుదినాలు లేవు.

గడ్డకట్టిన ఆ నేలను ఇంగ్లీషువారు పెర్మాఫ్రాస్ట్ అంటారు. శాశ్వతహిమభూమి అని మనవాళ్ళ అనువాదం. శాస్త్రజ్ఞుల నిర్వచనం మాత్రం నిరాడంబరమైనది: వరుసగా రెండేళ్ళయినా సున్నా డిగ్రీల దగ్గరో, అంతకు కిందనో ఉండిపోయిన నేల. రెండేళ్ళెక్కడ, శాశ్వతమెక్కడ? పేరులోని శాశ్వతత్వాన్ని నమ్మి గుంటలు తవ్వినవారు నిర్వచనం చదువుకుని ఉంటే కొంత జాగ్రత్తపడేవారేమో! మాట అర్థాన్ని ఉన్నదానికంటె పెంచి పలికితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నా ఉపాధ్యాయజీవితంలో దొరకలేదు.

సముద్రమే ముందుగా ఆ లెక్క తప్పని చూపించింది. జె. డబ్ల్యు. డాల్టన్ అనే బావిని 1979లో తీరానికి దగ్గరగా తవ్వారు. ఆర్కిటిక్ తీరంలో ఒడ్డు రాతిది కాదు. మంచు, మన్ను కలిసి బిగుసుకున్న గట్టు. సముద్రపు మంచు తగ్గి, అలలకు అడ్డు లేకుండా పోయాక ఆ గట్టును నీళ్ళు అడుగునుంచి కరిగిస్తాయి. పైన ఉన్నది పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడుతుంది. 2004 వేసవిలో అక్కడ 300 అడుగుల మేర ఒడ్డు కోసుకుపోయి సముద్రం బావి దాకా వచ్చింది. బురదగుంటకు గండిపడింది. మరుసటి సంవత్సరం, 2005లో, ఆదరాబాదరాగా ఆ బావిని పూడ్చారు. ఆ తీరంలోనే ఉన్న డ్రూ పాయింటు దగ్గర 2007 నుంచి 2016 వరకు ఒడ్డు ఏటా సగటున 17 మీటర్ల చొప్పున వెనక్కి జరిగిందని కొలిచారు. అక్కడ కూడా ఒక వారసత్వపు బావి ఉంది. సముద్రం ముంచుకురాకముందే దాని పని చూడవలసి వచ్చింది.

ఉమియాట్ కథ వేరు. అది సముద్రానికి దూరంగా, కోల్విల్ నది ఒడ్డున ఉంది. నౌకాదళం అక్కడ 11 బావులు తవ్వింది. విమానాలు దిగే చోటు, శిబిరం, చెత్తగుంట అన్నీ అక్కడే. ఆ చెత్తగుంట నది వరదమైదానంలో ఉంది. అందులో పీసీబీలనే రసాయనాలు బయటపడ్డాయి. ఒకప్పుడు కరెంటు పరికరాల నూనెల్లో విరివిగా వాడినవి ఇవి. అమెరికా 1979లో వీటి తయారీని నిషేధించింది. 2001 నాటి స్టాక్‌హోమ్ ఒడంబడిక ప్రపంచమంతటా తొలగించవలసిన విషాల్లో వీటిని చేర్చింది. వీటి గుణం విచిత్రం. నీళ్ళలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. చిన్నచేపనుంచి పెద్దచేపకు, పెద్దచేపనుంచి దాన్ని తిన్న మనిషికి చేరుతూ, చేరిన ప్రతిచోటా పేరుకుంటాయి. కొవ్వే ఆహారంగా, కొవ్వే వెచ్చదనంగా బ్రతికే శీతలదేశవాసికి ఇంతకన్న కుటిలమైన శత్రువు ఉండదు.

ఆ కోల్విల్ నది సముద్రంలో కలిసేచోట న్యూయిక్సట్ అనే ఇనుపియాట్ గ్రామముంది. 1973లో కొన్ని కుటుంబాలవారు తమ పూర్వుల చోటికి తిరిగివచ్చి మళ్ళీ నిలబెట్టుకున్న ఊరు. సిస్కో అనే చేప వారికి మన గోదావరి జిల్లాలవారికి పులస ఎంతో అంత. కాదు, అంతకంటె ఎక్కువ. పులస లేకపోతే మనకు ఒక రుచి తగ్గుతుంది, అంతే. సిస్కో లేకపోతే వాళ్ళకు శీతకాలపు తిండే తగ్గుతుంది. అక్కడ అంగడిలో సరుకు విమానంలో రావాలి. దాని ధర వినలేం. అందుచేత "ఎవరూ లేని ఎడారిలో ఎవరికి నష్టం?" అని అడిగేవారికి నా మొదటి సమాధానం ఇది: ఎవరూ లేరన్నది అబద్ధం. పటంలో పేరు కనిపించనంత మాత్రాన చోటు శూన్యం కాదు.

ఇక ధర్మం సంగతి. అలాస్కాలో ఒక ప్రైవేటు సంస్థ చమురుబావి తవ్వి, వాడకం అయిపోయాక మూయకుండా పోతే ఆ రాష్ట్రపు చమురు, వాయు పరిరక్షణ సంఘం ఊరుకోదు. పూచీసొమ్ము ముందే కట్టించుకుంటుంది. తప్పుచేస్తే జరిమానా వేస్తుంది. మరి తవ్వినది సాక్షాత్తు కేంద్రప్రభుత్వమైతే? దశాబ్దాలపాటు ఆ ప్రశ్నకు జవాబు మౌనమే. చట్టం చేసినవారే చట్టానికి ఎడంగా నిలబడ్డారు. అలాస్కావాసులు కడుపుమండి, ఇవి 'లెగసీ' బావులు కావు, 'ట్రావెస్టీ' బావులు అన్నారు. వారసత్వం కాదు, న్యాయానికి అపహాస్యం అని. శ్లేషలో కూడా సత్యం ఉంటుందనడానికి ఇది నిదర్శనం. 2012లో ఈ విషయం సెనేటు కమిటీ విచారణకు వచ్చింది. అలాస్కా సెనేటరు లీసా ముర్కౌస్కీ గట్టిగానే పట్టుబట్టారు. 2013లో భూయాజమాన్య సంస్థ ఒక ప్రణాళిక ప్రకటించింది. 136లో 50 బావుల దగ్గర పని మిగిలి ఉన్నదని దాని సారాంశం. రాష్ట్రసంఘం ఆ లెక్కను పూర్తిగా ఒప్పుకోలేదు.

డబ్బు ఎలా వచ్చిందో తెలిస్తే మీరూ ఆశ్చర్యపోతారు. అమెరికా ప్రభుత్వానికి టెక్సస్‌లో హీలియం వాయువు నిల్వ ఉండేది. దాన్ని అమ్ముకునే పద్ధతిని నిర్ణయిస్తూ 2013లో ఒక చట్టం చేశారు. ఆ అమ్మకపు సొమ్ములోంచి 5 కోట్ల డాలర్లు ఈ బావుల శుద్ధికి కేటాయించారు. ఆ సొమ్ముతోనే ఉమియాట్‌లోను, సింప్సన్ ద్వీపకల్పంలోను, బారో పరిసరాల్లోను కొన్ని బావులు పూడ్చి, చెత్త ఏరివేసే పని సాగింది. సంతోషమే. కాని ఒక్కమాట: అప్పు తీర్చడానికి ఇంట్లో ఏదో పాతసామాను అమ్ముడుపోయేదాకా ఆగిన గృహస్థును మనం ఏమంటాం? కడుబీదవాడైతే జాలిపడతాం. ప్రపంచంలోకెల్లా సంపన్నుడైతే?

ఎదుటిపక్షం వాదన కూడా వినాలి. వినకుండా తీర్పు చెప్పడం పండితధర్మం కాదు. అధికారులు చెప్పే మాటలు మూడు. ఒకటి, తవ్విన కాలంలో ఇవన్నీ చట్టబద్ధమే. అప్పటి జ్ఞానం అంతే. రెండు, చాలా బావులు చమురు పొర దాకా పోని తేలికపాటి పరీక్షారంధ్రాలు. వాటివల్ల ఇప్పుడు ప్రమాదం లేదు. మూడు, శుద్ధిచేయడం కూడా నేలకు గాయమే. టండ్రా మీద వేసవిలో బండి నడిపితే ఆ చాళ్ళు దశాబ్దాల తరబడి మానవు; 1940లలో నడిచిన బండ్ల జాడలు ఆ తరువాత ఎంతోకాలం కనిపిస్తూనే ఉన్నాయి. అందుకని నేల గట్టిగా గడ్డకట్టి, చాలినంత మంచు పడ్డాకనే, చలికాలపు చీకట్లో, మంచుదారులు వేసుకుని యంత్రాలను తీసుకుపోవాలి. చమురు పొర దగ్గర సిమెంటు బిరడాలు వేయాలి. పైగొట్టాన్ని నేలమట్టానికి కిందుగా కోసి మూతపలక అతకాలి. పని దినాలు కొన్ని నెలలే. ఖర్చు లక్షల డాలర్లలో.

మొదటి వాదాన్ని నేను సగం ఒప్పుకుంటాను. యుద్ధం నెత్తిమీద ఉండగా తవ్వినవారిని తప్పుపట్టను. కాని 1975 తరువాత తవ్వినవారికి ఆ మినహాయింపు లేదు. అప్పటికి పర్యావరణచట్టాలు పుట్టి పెరుగుతున్నాయి. మూడవ వాదాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. నెమ్మదిగా, క్రమం ప్రకారం, ప్రమాదం ఎక్కువైనవాటిని ముందు తీసుకుని చేయవలసిన పనే ఇది. నా పేచీ రెండవదానితో. "ఇప్పుడు ప్రమాదం లేదు" అన్న వాక్యంలో 'ఇప్పుడు' అన్న పదం మోయలేని బరువు మోస్తున్నది.

ఆ పదాన్ని ఖండించిన సాక్షులు మరెవరో కారు, ఆ బావులే! ఇది ఈ కథలోని మహావిచిత్రం. పూడ్చకుండా వదిలిన కొన్ని బావుల్లోకి అమెరికా భూగర్భ సర్వే శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి ఉష్ణమాపకాలు దించి నేల లోతుల్లోని వేడిని కొలిచారు. లోతునుబట్టి వేడి ఎలా మారుతున్నదో చూస్తే పైన గడచిన కాలంలో వాతావరణం ఎలా మారిందో లెక్కకట్టవచ్చు. నేల తన జ్వరాన్ని తానే రాసిపెట్టుకుంటుంది. ఆర్థర్ లాకెన్‌బ్రుక్, బి. వాన్ మార్షల్ అనే ఇద్దరు 1986లో ఆ ఫలితాలు 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. అలాస్కా ఆర్కిటిక్‌లో హిమభూమి పైభాగం గడచిన కొన్ని దశాబ్దాలనుంచి ఒక శతాబ్దం లోపల 2 నుంచి 4 సెంటీగ్రేడు డిగ్రీల వరకు వెచ్చబడిందని అందులో తేలింది. భూతాపం మాట ఇంటింటా వినబడక ముందటి సంగతి ఇది.

చూడండి! నేల ఎల్లకాలం గడ్డకట్టే ఉంటుందని నమ్మి బావులు వదిలేశారు. ఆ బావుల్లోంచే నేల వెచ్చబడుతోందని తెలిసింది. తెలిసిన తరువాత కూడా గుంటలు గడ్డకట్టే ఉంటాయన్న నమ్మకంతో దశాబ్దాలు గడిపారు. అజ్ఞానం క్షమార్హం. జ్ఞానం చేతిలో పెట్టుకుని అజ్ఞానిగా ప్రవర్తించడానికి ఏ స్మృతిలో ప్రాయశ్చిత్తముంది?

ఇది అలాస్కా ఒక్కదాని సమస్య కాదు. 2023లో మోరిట్జ్ లాంగర్, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధన ప్రకారం ఆర్కిటిక్ హిమభూమి ప్రాంతాల్లో సుమారు 4,500 పారిశ్రామిక స్థలాల్లో ప్రమాదకర పదార్థాల వాడకమో నిల్వో జరుగుతున్నది, లేదా జరిగింది. కలుషితమైన చోట్లు 13,000 నుంచి 20,000 దాకా ఉండవచ్చునని వారి అంచనా. ఈ శతాబ్దాంతానికి వాటిలో 3,500 నుంచి 5,200 చోట్ల అడుగు నేల కరగడం మొదలవుతుందట. కరిగితే ఏమవుతుందో రష్యాలోని నొరీల్స్క్ 2020 మే నెలలో చూపించింది. ఒక విద్యుత్కేంద్రపు డీజిలు తొట్టి ఆధారాలు కుంగి, 20,000 టన్నులకు పైగా డీజిలు నేలపాలు, నదులపాలయింది. హిమభూమి కరగడమే కారణమని దాని యజమానులు మొదట చెప్పుకున్నారు. తనిఖీలో నిర్లక్ష్యం కూడా ఉందని తరువాత తేలింది. 2021లో 14,600 కోట్ల రూబుళ్ళకు పైగా పరిహారం చెల్లించవలసి వచ్చింది. ప్రకృతి మీద నెపం పెట్టడం సులభం. ఆ ప్రకృతి మారుతున్నదని ముందే తెలిసినవాడికి ఆ సౌలభ్యం లేదు.

చేయాలనుకుంటే చేయవచ్చుననడానికి ఉదాహరణ లేకపోలేదు. శీతలయుద్ధకాలంలో కెనడా ఉత్తరాన నెలకొల్పిన రాడారు కేంద్రాల వరుస ఒకటి ఉంది. వాటిలో 21 కేంద్రాల చోట్లను కెనడా రక్షణశాఖ 1996 నుంచి మొదలుపెట్టి 2014 నాటికి శుద్ధిచేసింది. పీసీబీలతో కలుషితమైన మట్టిని పైకెత్తి తరలించారు. స్థానిక ఇన్యూట్ సంఘాలతో ఒడంబడిక చేసుకుని, వారికి పని కల్పించి మరీ చేశారు. ఇది నూటికి నూరుపాళ్ళు ఆదర్శమని అననుగాని, వరుసగా దాదాపు ఇరవై ఏళ్ళు ఒక ప్రభుత్వం తన చెత్తను తాను ఎత్తుకోవడం చిన్న విషయం కాదు.

"మాస్టారూ, పక్కవీధి గోడు విడిచి ఉత్తరధ్రువానికి పోయారేం?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. మన వీధిలోనూ మూతలేని గొట్టాలున్నాయి. నీళ్ళు పడని బోరుబావిని గోనెపట్టా కప్పి వదిలేస్తే, అందులో పసిపిల్లలు జారిపడిన వార్తలు ఎన్ని చదవలేదు? 2010లో సుప్రీంకోర్టు వాటిని అడుగునుంచి నేలమట్టం దాకా పూడ్చాలని మార్గదర్శకాలిచ్చింది. ఆ తరువాత కూడా తల్లుల ఏడుపులు ఆగలేదు. తవ్వే ఉత్సాహం పూడ్చేటప్పుడు ఉండదు. నీటి ఆశతో యంత్రాన్ని పిలిచే రైతు చేతిలో, ఎండిన గొట్టాన్ని మూయించడానికి పైకం మిగలదు. అతడి పేదరికం కొంతవరకు అతడి సంజాయిషీ. అగ్రరాజ్యానికి ఆ సంజాయిషీ కూడా లేదు. మనిషి స్వభావం భూమధ్యరేఖ దగ్గరా ధ్రువం దగ్గరా ఒకటేనని తెలుసుకోవడానికే అంతదూరం పోయాను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. ఈ బావులను ఏమనాలి?

మన ధర్మశాస్త్రంలో వారసులకు సంక్రమించే ఆస్తికి 'రిక్థం' అని పేరు. యాజ్ఞవల్క్యస్మృతిలో, దానిపై విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరలో ఒక సూత్రం స్పష్టంగా ఉంది: రిక్థం పుచ్చుకున్నవాడే ఋణం తీర్చాలి. ఆస్తి ఒకడికి, అప్పు మరొకడికి అనడం కుదరదు. ఈ తూకంతో తూచి చూడండి. ఆ తవ్వకాలవల్ల పుట్టిన రిక్థం ఎవరికి దక్కింది? ఉత్తర అలాస్కా నేలపొరల పటం, ఏ లోతున ఏముందన్న జ్ఞానం ఆ తవ్వకాల ఫలమే. ఆ జ్ఞానం ప్రభుత్వానికి, చమురు సంస్థలకు దక్కింది. బారో వాయుక్షేత్రం 1984లో స్థానిక పాలనకు బదిలీ అయిన మాట నిజమే; ఆ మేరకు ఊరివారికి ఇళ్ళు వెచ్చబెట్టుకునే వాయువు దక్కింది. దాన్ని దాచిపెట్టి మాట్లాడను. కాని మిగిలిన డ్రమ్ములు, డీజిలు, పీసీబీలు, బురదగుంటలు ఎవరి వాటాకు వచ్చాయి? చేపలు పట్టుకునేవాడి వాటాకు. రిక్థం వాషింగ్టన్‌కు, ఋణం న్యూయిక్సట్‌కు. ఇటువంటి పంపకాన్ని వారసత్వమని పిలవడం భాషకు చేసే ద్రోహం.

నేనైతే వీటిని 'ఋణశేషపు బావులు' అంటాను. ఋణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం మిగల్చరాదని మన పెద్దల మాట. ఎందుకంటే కొంచెమే కదా అని వదిలినవి పెరుగుతాయి. 1953లో సిమెంటు పోసి మూసి ఉంటే ఎంతయ్యేదో, ఒడ్డు కోసుకుపోయి సముద్రం ఎదురుగా నిలబడ్డాక 2005లో ఎంతయిందో ఊహించుకోండి. వడ్డీ వేసేవాడు షావుకారొక్కడే కాదు. సముద్రమూ వేస్తుంది, తుప్పూ వేస్తుంది, ఎండా వేస్తుంది.

గతం గతః అని వదిలేయడానికీ లేదు. ఆ క్షేత్రంలోనే 2023 మార్చిలో 'విల్లో' అనే పెద్ద చమురు ప్రాజెక్టుకు అమెరికా ప్రభుత్వం ఆమోదముద్ర వేసింది. అక్కడ మరిన్ని కౌలు వేలాలు జరపాలని 2025లో చేసిన చట్టం నిర్దేశించింది. న్యూయిక్సట్ ప్రజల్లోనే దీనిపై రెండు అభిప్రాయాలున్నాయి. పన్నుల రాబడితో బడులు, ఆసుపత్రులు నడుస్తున్నాయని కొందరు, కరిబూ మందలు దారి మార్చుకుంటున్నాయని కొందరు. చమురు తీయాలా వద్దా అన్న తీర్పు ఇక్కడ వేసవి ఉక్కపోతలో పంకా కింద కూర్చుని రాస్తున్న నేను చెప్పదగినది కాదు. నా ఇంటి వాహనం కూడా పెట్రోలుతోనే నడుస్తున్నది. తీసేవాడు ఏ షరతుమీద తీయాలన్నది మాత్రం అడిగే హక్కు మనిషన్న ప్రతివాడికీ ఉంది.

నా మనవి మూడు మాటల్లో చెబుతాను. మొదటిది, బావి పూర్తి కావడమంటే చమురు పడడం కాదు, పూడ్చి నేల సరిచేయడం. వివాహం అప్పగింతలతో పూర్తయినట్టు తవ్వకం పూడ్పుతో పూర్తికావాలి. అందాకా అది సగం పని. రెండవది, పూడ్చడానికయ్యే నిజమైన ఖర్చును తవ్వకముందే పక్కన పెట్టించాలి. అమెరికాలో సాధారణ కేంద్రభూముల కౌలుకు 1960లో నిర్ణయించిన కనీసపు పూచీ 10,000 డాలర్లు. 2024 దాకా అది అలాగే ఉండి, ఆ ఏట నిబంధన మార్చాక 1,50,000కు పెరిగింది. అరవై నాలుగేళ్ళపాటు కూరగాయల ధర కూడా స్థిరంగా ఉండదు. భూమికి పెట్టిన పూచీ మాత్రం ఉన్నది! దేశమంతటా వదిలేసిన అనాథబావులను పూడ్చడానికి 2021లో 470 కోట్ల డాలర్లు ప్రజాధనంలోంచి తీయవలసి రావడం ఈ నిర్లక్ష్యపు ఫలమే. మూడవది, 'ఎల్లకాలం గడ్డకట్టి ఉంటుంది', 'ఇప్పుడు ప్రమాదం లేదు' అన్న మాటలను ఇకమీద ఏ ప్రణాళికలోనూ పునాదిగా వాడరాదు. కరగడమే నియమమన్న దృష్టితో లెక్క వేయాలి.

బారో పట్టణవాసులు 2016లో ఓటు వేసి తమ ఊరికి పూర్వపు ఇనుపియాట్ పేరు తిరిగి పెట్టుకున్నారు, ఇప్పుడది ఉట్కియాగ్విక్. పరాయివాడు పెట్టిన పేరు తీసేసి తన పేరు తాను పెట్టుకోవడం స్వాభిమానం. ఊరి పేరు మార్చుకున్నవారికి, తమ నేలలో పాతిన ఆ గొట్టాల పేరు మార్చే హక్కు కూడా ఉందని నా నమ్మకం. వారు ఏ పేరు పెడతారో నాకు తెలియదు. 'వారసత్వం' అని మాత్రం పెట్టరు.

నా శిష్యుడికి ఆ రాత్రే జవాబు రాశాను: "నాయనా, నేను చెప్పిన అనువాదం తప్పు. కొట్టివేసి, ఋణశేషం అని రాసుకో." తరగతిలో ఎన్నో వ్యాసాలు దిద్దినవాణ్ణి, నా తప్పును నేను దిద్దుకోవడానికి ఒక్క గీత చాలింది. ఆ బావుల యజమానులు 1944నుంచి ఇప్పటిదాకా తమ తప్పును ఇంకా దిద్దుతూనే ఉన్నారు. త్వరగా ముగించాలని కోరుకుందాం. నేల ఎవరికోసమూ గడ్డకట్టి ఆగదు.

స్వస్తి.